జలవిద్యుత్తు ఏ గడిలో పడుతుంది? పునరుత్పాదక కోటా లెక్క కట్టే పద్ధతి

శ్రీశైలం ఎడమ గట్టున 900 మెగావాట్లు, కుడి గట్టున 770. సాగర్ ప్రధాన కేంద్రంలో 815.6. దిగువ సీలేరు 460, ఎగువ సీలేరు 240, జూరాల 234, దిగువ జూరాల 240, పులిచింతల 120. ఇంత హైడల్ (జలవిద్యుత్తు) చేతిలో ఉన్నా, వాడే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదకం ఉండాలన్న కొనుగోలు కోటా (ఆర్‌పీఓ) రాసేటప్పుడు ఈ కేంద్రాల ఎదురుగా ఏళ్ల తరబడి సున్నా వేయాల్సి వచ్చింది. ఇప్పుడు నిబంధనలు మారాయి. మారిన విషయం చాలామంది విన్నారు గానీ, ఏ యూనిట్‌ను ఏ గడిలో (కోటాలోని ఏ విభాగంలో) వేయాలన్న దగ్గర ఇంకా తడబాటు ఉంది. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ)లో పవర్ పర్చేజ్ చూసేవారు, ఓపెన్ యాక్సెస్ మీద (డిస్కం నుంచి కాకుండా బయటి నుంచి) కరెంటు కొనే మిల్లులు, కాలువ మీద మినీ హైడల్ నడిపేవారు, ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) బహిరంగ విచారణలకు అభ్యంతరాలు రాసేవారు ఈ లెక్కను కాయితం మీద ఒకసారి వేసి చూసుకోవాలి.

ముందుగా కొలతలు. ఒక మిలియన్ యూనిట్లు (ఎంయూ) అంటే 10 లక్షల యూనిట్లు, అంటే 1,000 మెగావాట్ అవర్లు. సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. జెన్‌కో (ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ) షీట్లు ఎంయూలో వస్తాయి, పునరుత్పాదక సర్టిఫికెట్ల లెక్క మెగావాట్ అవర్లలో ఉంటుంది, ఫ్యాక్టరీ బిల్లు యూనిట్లలో వస్తుంది. అన్నింటినీ ఎంయూలోకి మార్చుకున్నాకే పని మొదలుపెట్టండి.

రెండు చట్టాలు, రెండు కాలమ్‌లు

కోటా ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఒకటి 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 86(1)(ఈ) కింద రాష్ట్ర ఈఆర్‌సీ తన రెగ్యులేషన్‌లో పెట్టే శాతం. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేరువేరు రెగ్యులేషన్లు ఉన్నాయి, వాటిలో అంకెలూ వేరే. రెండోది 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం కింద కేంద్ర విద్యుత్ శాఖ 2023 అక్టోబరు 20న ప్రకటించిన కనీస వినియోగ శాతం. ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 సెప్టెంబరులో దీని స్థానంలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, ఇక్కడి గడులు, శాతాలు, సర్దుబాటు నియమాలు 2023 నాటివి. దీన్ని ఆర్‌సీఓ (పునరుత్పాదక వినియోగ బాధ్యత) అంటున్నారు. మొదటిదానికి ఈఆర్‌సీకి జవాబు చెప్పాలి. రెండోదాంట్లో లోటు వస్తే ఇంధన పొదుపు చట్టం సెక్షన్ 26(3) కింద జరిమానా ఉంటుంది. ఒక్కో ఉల్లంఘనకు గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు, పైగా లోటును చమురు టన్నుల్లోకి మార్చి దాని ధరకు రెండింతల దాకా అదనం.

కాబట్టి షీటులో రెండు కాలమ్‌లు గీయండి. ఒకదాంట్లో సరిపోయింది కదా అని రెండోదాంట్లో టిక్కు పెట్టేయడం ఎప్పటికప్పుడు కనిపించే పొరపాటు. ఈ శాతాలకు సవరణలు వస్తూనే ఉంటాయి. ఏ గెజెట్ తేదీని పట్టుకుని లెక్క వేశారో షీటు పైనే రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత ఆడిట్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే.

యూనిట్ జాతకం మూడు గీతల మీద ఉంది

హైడల్ కేంద్రాన్ని గడిలో వేసే ముందు మూడు విషయాలు చూడాలి: స్థాపిత సామర్థ్యం 25 మెగావాట్లకు పైనా కిందా, ప్రారంభం 2019 మార్చి 8కి ముందా తర్వాతా, 2024 మార్చి 31కి ముందా తర్వాతా.

25 మెగావాట్ల గీత పాతది. అంతవరకు ఉంటే చిన్న జలవిద్యుత్తు, అది మొదటి నుంచీ పునరుత్పాదకమే. దాటితే పెద్దది. ఈ గీత కేంద్రం మొత్తానికి వర్తిస్తుంది, ఒక్కో టర్బైన్‌కు కాదు. పోచంపాడు కేంద్రంలో ఒక్కో యూనిట్ 9 మెగావాట్లే. అయినా నాలుగూ కలిపి 36 కాబట్టి అది పెద్ద జలవిద్యుత్తు కింద పడుతుంది. సింగూరు (రెండు యూనిట్లు కలిపి 15), పెన్న అహోబిలం (రెండు కలిపి 20) చిన్నవి. టర్బైన్ నేమ్‌ప్లేట్ చూసి చిన్నది అని రాసేస్తే పోచంపాడు లాంటి చోట బోల్తా పడతారు.

2019 మార్చి 8న కేంద్రం పెద్ద హైడల్‌ను కూడా పునరుత్పాదకంగా ప్రకటించింది. నాన్ సోలార్ కోటాలోనే విడిగా హైడ్రో కొనుగోలు బాధ్యత (హెచ్‌పీఓ) పెడతామంది. ఇక్కడే చాలామంది గబుక్కున శ్రీశైలం మొత్తాన్ని కోటాలోకి లాగేశారు. కానీ 2021 జనవరి 29 ఉత్తర్వులో హెచ్‌పీఓకి పనికొచ్చేది ఆ తేదీ తర్వాత ప్రారంభమైన ప్రాజెక్టే అని స్పష్టంగా ఉంది. 2021-22కి 0.18 శాతంతో మొదలై 2029-30కి 2.82 శాతానికి చేరే పట్టిక అది. 2022 జులై 22 ఉత్తర్వు ఆ అంకెలను కొనసాగిస్తూ చిన్న హైడల్‌ను, పంప్డ్ స్టోరేజీని (నీటిని పైకి తోడి, మళ్లీ వదిలి కరెంటు తీసే పద్ధతి) కూడా హెచ్‌పీఓలోకి తెచ్చింది, తేదీ షరతు మాత్రం వదల్లేదు. పైన చెప్పిన మన కేంద్రాలన్నీ ఆ తేదీకి ముందువే.

2023 అక్టోబరు నోటిఫికేషన్ గీతను 2024 మార్చి 31కి జరిపింది. ఆ తర్వాత ప్రారంభమైన హైడల్ ప్రాజెక్టు (పంప్డ్ స్టోరేజీ, చిన్న హైడల్ సహా) మాత్రమే హైడ్రో గడిలో పడుతుంది. అంతకు ముందువన్నీ, శ్రీశైలమైనా సీలేరైనా, ‘ఇతర పునరుత్పాదక’ గడిలోకి వెళ్తాయి. మన రెండు రాష్ట్రాలకు ఈ నోటిఫికేషన్‌లో అసలు విలువ ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. పాత హైడల్ లెక్కలోకి వచ్చింది, అయితే హైడ్రో అన్న పేరున్న గడిలో కాదు.

పాత ఆనకట్టలను ఎందుకు పక్కన పెడతారని అడిగేవారుంటారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం చూడండి, అక్కడ కరెంటులో సింహభాగం కొలంబియా నది ఆనకట్టలదే. 2006లో ఓటర్లు ఆమోదించిన చట్టంలో ఆ పాత హైడల్‌ను కోటాకు లెక్కించలేదు. 1999 మార్చి 31 తర్వాత టర్బైన్లు మెరుగుపరచి అదనంగా రాబట్టిన యూనిట్లకే చోటిచ్చారు. కాలిఫోర్నియా 30 మెగావాట్ల దగ్గర గీత గీసింది. ఎప్పుడో కట్టిన ఆనకట్టతోనే కోటా నిండిపోతే కొత్తగా ఎవరూ ఏమీ కట్టరన్నది అన్ని చోట్లా ఉన్న భయం. అమెరికాలో యుటిలిటీల్లో పనిచేసే మనవాళ్లు ఇక్కడి లెక్క చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి: అక్కడ రాష్ట్రానికొక నిర్వచనం, ఇక్కడ తేదీకొక గడి.

హారం ఏది?

శాతం తీయాలంటే కింద ఏ అంకె వేయాలి? 2016, 2018 కేంద్ర ఉత్తర్వుల్లో మొత్తం వినియోగం నుంచి హైడల్ యూనిట్లను తీసేసి, మిగిలినదాని మీద శాతం కట్టమన్నారు. ఒక డిస్కం వినియోగం 20,000 ఎంయూ, అందులో హైడల్ 3,000 అనుకోండి. 2021-22 కేంద్ర శాతం 21 వేస్తే 17,000 మీద 3,570 ఎంయూ వస్తుంది. హైడల్ తీసేయకుండా వేస్తే 4,200. అంటే ఆ రోజుల్లో నీటి కరెంటు లవంలోకి రాకపోయినా హారాన్ని తగ్గించి 630 ఎంయూ బరువు దించేది.

ఇప్పుడు కేంద్ర పట్టిక మొత్తం వినియోగం మీద నడుస్తుంది, పాత హైడల్ లవంలో కూర్చుంటుంది. రెండు పద్ధతులనూ కలిపేసి, హారంలోంచి హైడల్‌ను తీసేసి మళ్లీ లవంలో కూడా చూపించడం నేరుగా తిరస్కరణకు దారి. రాష్ట్ర రెగ్యులేషన్ కాలమ్‌కు అందులో రాసిన హారమే వాడాలి. దాన్ని చదవకుండా కేంద్రం హారాన్ని అక్కడ అతికించకండి.

లెక్క వేసి చూద్దాం

2023 అక్టోబరు పట్టికలో హైడ్రో గడి ఇలా ఉంది:

2024-25: 0.38 శాతం
2025-26: 1.22
2026-27: 1.34
2027-28: 1.42
2028-29: 1.42
2029-30: 1.33

అదే పట్టికలో 2025-26కి మిగతా గడులు: పవన 1.45, వికేంద్రీకృత పునరుత్పాదక (10 మెగావాట్ల లోపు ప్రాజెక్టులు) 2.10, ఇతర 28.24. మొత్తం 33.01. 20,000 ఎంయూ డిస్కంకు ఇవి వరుసగా హైడ్రో 244, పవన 290, వికేంద్రీకృత 420, ఇతర 5,648. మొత్తం 6,602 ఎంయూ.

ఇప్పుడు ఆ డిస్కం చేతిలో ఉన్నది చూద్దాం. కొత్త పవన విద్యుత్తు 410, కొత్త హైడ్రో 60, వికేంద్రీకృతం 350, ఇతర గడిలో పాత హైడల్ 2,400, మిగతా సోలార్, పాత పవన, బయోమాస్ కలిపి 3,250. ఇతర గడి మొత్తం 5,650. ఇవన్నీ ఊహా అంకెలే, పద్ధతి కోసం.

హైడ్రోలో లోటు 184. పవనలో మిగులు 120. పవన మిగులుతో హైడ్రో లోటును పూడ్చవచ్చు, హైడ్రో మిగులుతో పవన లోటును పూడ్చవచ్చు. కాబట్టి హైడ్రో లోటు 64కి దిగింది. వికేంద్రీకృతంలో లోటు 70, దానికి పక్క గడి నుంచి సర్దుబాటు లేదు. ఇతర గడిలో మిగిలిన 2 ఎంయూను కూడా హైడ్రో లోటుకు వాడుకోవచ్చు, అప్పుడు అది 62. చివరికి లోటు 132. మొత్తం నుంచి మొత్తం తీసేసినా ఇక్కడ 132 వస్తుంది. కానీ గడులను చూడకుండా కింద మొత్తం మాత్రమే కూడే అలవాటు ఉంటే, ఏదో ఒక ఏడాది వికేంద్రీకృత లోటు కనపడకుండా పోతుంది. ‘శ్రీశైలం బాగా తిరిగింది, హైడ్రో కోటా నిండింది’ అని రాసే నోట్లన్నీ గడి చూడకుండా రాసినవే. శ్రీశైలం ఎంత తిరిగినా హైడ్రో గడిలో నేరుగా ఒక్క యూనిట్ పడదు.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, తక్కువమంది వాడుకుంటున్నారు. వికేంద్రీకృత గడికి నోటిఫికేషన్ పెట్టిన షరతు 10 మెగావాట్ల లోపు పునరుత్పాదక ప్రాజెక్టు కావడం. నెట్ మీటరింగ్ సోలార్ వంటివన్నీ ఇందులోకే వస్తాయి. మాటలను బట్టి చదివితే 2024 మార్చి 31 తర్వాత వచ్చిన 10 మెగావాట్ల లోపు మినీ హైడల్ రెండు గడులకూ పనికొస్తుంది. ఒక యూనిట్‌ను ఒక్క గడిలోనే వేయాలి, సందేహమే లేదు. ఎందులో వేయాలి? పవన మిగులు పుష్కలంగా ఉంటే మినీ హైడల్‌ను వికేంద్రీకృతంలో వేయండి, హైడ్రో లోటును పవన పూడుస్తుంది. పై ఉదాహరణలో పవన 410 బదులు 500 ఉండి, కొత్త హైడ్రో 60లో 20 మినీ హైడల్‌ది అనుకోండి. దాన్ని హైడ్రోలో ఉంచితే హైడ్రో లోటు 184, పవన మిగులు 210లో సరిపోతుంది, వికేంద్రీకృత లోటు 70 అలాగే ఉంటుంది. ఆ 20ని జరిపితే హైడ్రో లోటు 204 అవుతుంది, అదీ 210లో సరిపోతుంది. వికేంద్రీకృత లోటు 50కి తగ్గుతుంది. పవన మిగులు తక్కువగా ఉన్న ఏడాది ఇలా జరిపినా లాభం లేదు. ఇలా వేసే ముందు ఈ అన్వయాన్ని ఈఆర్‌సీకి లేఖ రాసి ఖాయం చేసుకోవడం మంచిది.

యూనిట్ ఎక్కడ కొలవాలి

కోటాలోకి వెళ్లేది జనరేటర్ టెర్మినల్ దగ్గరి అంకె కాదు, కేంద్రం నుంచి గ్రిడ్‌లోకి పోయిన అంకె. థర్మల్‌తో పోలిస్తే హైడల్‌లో సొంత వాడకం చాలా తక్కువ, సుమారు ఒక శాతం. భూగర్భ కేంద్రమైతే గాలి, వెలుతురు, ఊటనీరు తోడే పంపులకు ఇంకాస్త పోతుంది. చిన్నదే కదా అని వదిలేస్తే 2,400 ఎంయూ మీద 24 ఎంయూ. ఎస్‌ఎల్‌డీసీ (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రం) ఇచ్చే నెలవారీ ఎనర్జీ అకౌంట్ తీసుకోండి, జెన్‌కో రోజువారీ జనరేషన్ రిపోర్టు కాదు. 15 నిమిషాల బ్లాకుల్లో రికార్డు చేసే మెయిన్ మీటరు, పక్కనే చెక్ మీటరు ఉంటాయి. రెండింటి తేడా అనుమతించిన పరిధి దాటితే ఆ నెలను ముందు తేల్చుకోండి.

మినీ హైడళ్లలో తరచూ దొరికే తప్పు మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ (మీటరు రీడింగును గుణించే అంకె). 400/1 సీటీ (మీటరుకు కలిపే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) కాలిపోయి 200/1 పెట్టారు, షీటులో మాత్రం పాత ఫ్యాక్టరే నడుస్తోంది. అప్పుడు రాసిన యూనిట్లు అసలు అంకెకు రెండింతలవుతాయి. దీన్ని పట్టుకోవడం తేలికే. నెల యూనిట్లను నెలలో ఉన్న గంటలతో భాగించండి, వచ్చే సగటు కిలోవాట్లు స్థాపిత సామర్థ్యాన్ని మించాయంటే సీటీ దగ్గరికి వెళ్లాల్సిందే. మించకపోయినా, సీటీ మార్చిన నెలకు ముందు నెలనూ తర్వాతి నెలనూ కాలువ ప్రవాహంతో పక్కపక్కన పెట్టి చూడండి.

వాటా ఉన్న కేంద్రాలు వేరు. మాచ్‌ఖండ్ ఆంధ్రప్రదేశ్, ఒడిశాల ఉమ్మడి కేంద్రం, తుంగభద్రలో కర్ణాటకకూ వాటా ఉంది. కేంద్రం మొత్తం ఉత్పత్తి రాసేయకుండా మీ వాటా కింద షెడ్యూల్ అయిన యూనిట్లే రాయాలి.

పంప్డ్ స్టోరేజీ దగ్గర రెండుసార్లు లెక్క

సాగర్ ప్రధాన కేంద్రంలో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమ గట్టు యూనిట్లు రివర్సిబుల్. రాత్రో మధ్యాహ్నమో నీటిని పైకి తోడి సాయంత్రం మళ్లీ వదలవచ్చు. నది నీటితో పుట్టిన యూనిట్, తోడిపోసిన నీటితో పుట్టిన యూనిట్ మీటరులో ఒకేలా కనిపిస్తాయి. కానీ తోడటానికి 100 యూనిట్లు పోస్తే తిరిగి వచ్చేది 75 నుంచి 80. పైకి తోడిన 100 యూనిట్ల సోలార్‌ను కొన్నప్పుడే ఇతర గడిలో వేసి, తిరిగి వచ్చిన 78 యూనిట్లను హైడల్ కింద మళ్లీ వేస్తే అది ఒకే సూర్యుడిని రెండుసార్లు అమ్మినట్టే. తోడింది బొగ్గు కరెంటుతో అయితే ఇంకా ఘోరం.

చేయాల్సింది ఇదీ: పంపింగ్ యూనిట్లకు విడి వరుస పెట్టండి. ఆ విద్యుత్తు ఎక్కడిదో, పీపీఏ (విద్యుత్ కొనుగోలు ఒప్పందం) నంబరుతో సహా రాయండి. కొనుగోలు దగ్గర లెక్కించారా, తిరిగొచ్చిన దగ్గర లెక్కించారా అన్నది ఏడాది మొదట్లోనే ఒకటి నిర్ణయించుకుని ఏడాది మధ్యలో మార్చకండి. 2022 జులై ఉత్తర్వులో నిల్వ బాధ్యత కూడా విడిగా ఉంది, 2023-24కి 1 శాతంతో మొదలై 2029-30కి 4 శాతం. నిల్వ చేసే విద్యుత్తులో ఏడాది మొత్తం మీద కనీసం 85 శాతం పునరుత్పాదకమై ఉండాలన్న షరతు దానిది. ఈ వరుస లేకపోతే ఆ 85 శాతాన్ని నిరూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఏపీ జెన్‌కో చేపట్టిన 1,350 మెగావాట్ల (9×150) ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ వంటివి నడక మొదలుపెట్టాక ఈ లెక్క ఇంకా పెద్దదవుతుంది.

కాలువ డ్రాప్ మీద మినీ హైడల్: ఎంత వస్తుంది?

ఒక డ్రాప్ (కాలువ నీరు కిందికి దూకే చోటు) తీసుకుందాం. ప్రవాహం సెకనుకు 20 ఘనపు మీటర్లు, నికర హెడ్ (నీరు పడే ఎత్తు) 4 మీటర్లు, టర్బైన్, గేర్‌బాక్స్, జనరేటర్ కలిపి సామర్థ్యం 82 శాతం. 9.81×20×4×0.82 = సుమారు 643 కిలోవాట్లు. కాలువ ఏడాదికి 200 రోజులు నిండుగా పారితే 4,800 గంటలు, దాదాపు 30.9 లక్షల యూనిట్లు. సొంత వాడకం, ట్రాన్స్‌ఫార్మర్ నష్టం పోగా 30 లక్షలు, అంటే 3 ఎంయూ. పైన చెప్పిన డిస్కం హైడ్రో గడి 244 ఎంయూ. ఇలాంటి డ్రాపులు 82 కావాలి.

ఈ 30 లక్షలు కూడా కాయితం మీదే. కాలువ నిండుగా ఉన్నప్పుడు దిగువ నీటి మట్టం కూడా పెరుగుతుంది. ప్రవాహం ఎక్కువున్న రోజే హెడ్ తక్కువ. అందుకే పొడి కాలువలో టేపు పెట్టి కొలిచిన 4 మీటర్లను లెక్కలో వేయకూడదు, నిండు ప్రవాహంలో ఎగువ, దిగువ గేజీల తేడా తీసుకోవాలి. రెండోది ట్రాష్ ర్యాక్ (చెత్తను ఆపే జాలీ). డెల్టా కాలువల్లో గుర్రపుడెక్క వచ్చి పేరుకుంటే ర్యాక్ ముందు, వెనక నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల తేడా రావడం పెద్ద విషయం కాదు. 4 మీటర్ల హెడ్‌లో 20 సెంటీమీటర్లంటే 5 శాతం ఉత్పత్తి. పెద్ద ఆనకట్ట దగ్గర ఎవరూ పట్టించుకోని ఆ జానెడు, ఇక్కడ ఏడాదికి లక్షన్నర యూనిట్లు. మూడోది: నీళ్లు ఎప్పుడు వదలాలో ఇరిగేషన్ వారు సాగు అవసరాన్ని బట్టి నిర్ణయిస్తారు, మీ టర్బైన్‌ను బట్టి కాదు. కాలువ మరమ్మతులకు మూసే రోజులను ముందే తీసేసి లెక్క వేయండి.

యజమాని ఒక నిర్ణయం తీసుకోవాలి. యూనిట్‌ను డిస్కంకు కోటా కోసం పీపీఏ కింద అమ్మడమా, లేక కరెంటును వేరుగా అమ్మి పునరుత్పాదక ధ్రువపత్రాలు (ఆర్‌ఈసీ) తీసుకోవడమా? రెండూ ఒకే యూనిట్ మీద కుదరవు. కేంద్ర కమిషన్ 2022 ఆర్‌ఈసీ రెగ్యులేషన్లు 2022 డిసెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆ తర్వాత ప్రారంభమైన హైడల్‌కు గుణకం 1.5. సోలార్, పవనకు 1. అంటే 3 ఎంయూ మీద 3,000 కాదు, 4,500 ధ్రువపత్రాలు. ఈ గుణకం ప్రారంభం నుంచి 15 ఏళ్లు ఉంటుంది. అయితే పాత రోజుల్లోలా కనీస ధర, గరిష్ఠ ధర అన్న కట్టుబాట్లు ఇప్పుడు లేవు, మార్కెట్‌లో ఎంత పలికితే అంతే. బ్యాంకు లోను కట్టాల్సినవారు గుణకాన్ని చూసి ఊగిపోకుండా ధర పడిపోయిన నెలకు కూడా లెక్క వేసుకోవాలి. పీపీఏ వైపు వెళ్తే, పునరుత్పాదక లక్షణం ఎవరిదో ఒక వాక్యం స్పష్టంగా రాయించుకోండి. అది లేని ఒప్పందాలే తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతాయి.

ఓపెన్ యాక్సెస్ మిల్లులకు

మీకు ఒక సుళువు ఉంది. 2023 నోటిఫికేషన్‌లో ఓపెన్ యాక్సెస్, క్యాప్టివ్ (సొంత ప్లాంటు ఉన్న) వినియోగదారులు మొత్తం శాతాన్నే చేరితే చాలు, ఏ గడి నుంచి అన్నది పట్టింపు లేదు. అదీ డిస్కం నుంచి కాకుండా బయటి నుంచి వాడుకున్న మేరకే. ఏడాదికి 40 ఎంయూ వాడే మిల్లు, డిస్కం నుంచి 24, ఓపెన్ యాక్సెస్ థర్మల్ 10, సొంత బాయిలర్ నుంచి 6 ఎంయూ తీసుకుందనుకోండి. బాధ్యత 16 ఎంయూ మీదే, 2025-26లో 33.01 శాతం, అంటే సుమారు 52.8 లక్షల యూనిట్లు. దీన్ని సోలార్‌తో తీర్చినా, పాత హైడల్‌తో తీర్చినా ఒకటే. హైడ్రో కోటా అని ఎవరైనా భయపెట్టి ఎక్కువ ధరకు నీటి కరెంటు అంటగడితే కొనక్కర్లేదు.

హైడల్ కొనాలనే అనుకుంటే బ్యాంకింగ్ (మిగిలిన యూనిట్లను గ్రిడ్‌లో జమ చేసి తర్వాత వాడుకోవడం) షరతు చదవండి. మినీ హైడల్ యూనిట్లు ఎక్కువగా వానాకాలం నుంచి కాలువలు పారినన్నాళ్లు వస్తాయి, మిల్లు వేసవిలో కూడా నడుస్తుంది. గడువులోగా వాడుకోని బ్యాంకు యూనిట్లు మీ వినియోగంలోకి రావు. లైన్ నష్టాలు పోగా మీ మీటరు దగ్గర సర్దుబాటైన అంకెనే కోటాకు చూపించాలి, జనరేటర్ ఇన్వాయిస్ మీది అంకె కాదు.

కరువేడాది

పాత హైడల్ ఇతర గడిలోకి రావడం మనకు బలమే, కానీ ఆ బలం ఆగస్టు, సెప్టెంబరు వరదల మీద నిలబడింది. 2023-24లో కృష్ణకు ఇన్‌ఫ్లో సరిగా రాలేదు. పై ఉదాహరణలో పాత హైడల్ 2,400 నుంచి సగానికి పడిపోతే ఇతర గడిలోనే 1,198 ఎంయూ లోటు. అంత లోటును మార్చిలో సర్టిఫికెట్లతో పూడ్చాలంటే చెప్పిన ధరకు కొనాల్సిందే. అందుకని ఏఆర్‌ఆర్‌లో (డిస్కం ఈఆర్‌సీకి ఇచ్చే వార్షిక ఆదాయ అవసరాల నివేదిక) హైడల్ అంచనాను గత పదేళ్ల సగటుతో కాకుండా, మూడు వరుసలుగా వేయండి: మంచి ఏడాది, మామూలు ఏడాది, కరువేడాది. కోటా ప్రణాళిక కరువు వరుసకు సరిపోయేలా ఉండాలి, పైన వచ్చింది మిగులు. సెప్టెంబరు చివరికి శ్రీశైలం మట్టం చూసి మిగతా కొనుగోళ్లు సర్దుకోవచ్చు, అప్పటికి ఏడాదిలో ఇంకా ఆరు నెలలు చేతిలో ఉంటాయి.

కొత్త హైడ్రో గడికి మాత్రం ఈ వరదలు నేరుగా పనికిరావు. దానికి కొత్త టర్బైన్ కావాలి. పోలవరం (12×80, 960 మెగావాట్లు) పూర్తయి తిరగడం మొదలైతే ఆ యూనిట్లు నేరుగా హైడ్రో గడికి వెళ్తాయి. తెలంగాణ 2025 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని సేలి (400), మియార్ (120) ప్రాజెక్టులకు ఒప్పందం చేసుకున్నది. ఇవన్నీ కట్టాల్సినవి, ఈ ఏడాది షీటులో వీటికి అంకె వేయకూడదు. సీఓడీ (వాణిజ్య ఉత్పత్తి ప్రారంభ తేదీ) సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచే, అదీ యూనిట్ యూనిట్‌కు విడిగా రాసుకోండి.

ఈఆర్‌సీ విచారణకు వెళ్లేవారు డిస్కంను అడగాల్సినవి నాలుగు: హైడ్రో గడిలో చూపిన ప్రతి ప్రాజెక్టు సీఓడీ తేదీ, పాత హైడల్ అంకె ఏ షీటు నుంచి వచ్చిందన్నది, పంపింగ్‌కు పోసిన యూనిట్ల విడి వరుస, ఏ గడి మిగులు ఏ గడికి జరిపారో చూపే పట్టిక. అభ్యంతరాన్ని గడువుకు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. విచారణ రోజు మైకు దగ్గర అడిగితే ‘పరిశీలిస్తాం’ అన్న మాటే దొరుకుతుంది, రాసి ఇస్తే వరుసవారీగా జవాబు రాయాల్సి వస్తుంది.